కెమెరా కాపురమున్న ఊరు

సినిమావాళ్లు ఊళ్లకొస్తారు. నాలుగు రోజులు సందడి చేస్తారు. కావలసింది తీసుకుని వెళ్లిపోతారు. ఐర్లండ్ పడమటి అంచున, రాళ్లూ గాలీ తప్ప మరేమీ లేవనిపించే ఓ చిన్న ఊరికి మాత్రం ఒకాయన కెమెరా పట్టుకొచ్చి ఏకంగా కాపురమే పెట్టేశాడు. ఆ ఊరు కారరో. ఆయన పేరు బాబ్ క్విన్.

1979 మార్చి 17. ఐర్లండ్‌లో సెయింట్ పాట్రిక్స్ డే. మనకి సంక్రాంతి ఎలాగో, వాళ్లకి ఆ పండగ అలాగ. ఆ రోజు ప్రభుత్వ టీవీ ఆర్‌టీఈలో ఓ ప్రత్యేక చిత్రం. పూర్తిగా ఐరిష్ భాషలో తీసిన మొట్టమొదటి కథాచిత్రం అది. సొంత భాషలో సినిమా... అదీ పండగ పూట... ఎంత ముచ్చటగా ఉంటుందో అనుకుంటూ టీవీల ముందు కూర్చున్నారు జనం.

తెర మీద ఓ పాత ఇల్లు. ఒక ముసలాయన. తప్పతాగిన మనుషులిద్దరు. కాసేపటికి బంగాళాదుంపలు గాల్లోకి లేచాయి. ఒకడు విసరడం, ఇంకొకడు తిరిగి విసరడం. చూస్తుండగానే ఇల్లంతా దుంపల వాన!

దేశం భగ్గుమంది.

దుంపలు విసురుకుంటే అంత కోపమెందుకని మనకి అనిపించొచ్చు. అన్నం మెతుకు కిందపడితే తీసి కళ్లకద్దుకునే ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి కదా, అక్కడ దుంప సంగతీ అంతే. 1845లో ఐర్లండ్ బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. ఆ తర్వాతి కొన్నేళ్లలో ఆకలితో, జబ్బులతో దాదాపు పది లక్షలమంది చనిపోయారు. మరో పది లక్షలమంది ఓడలెక్కి అమెరికాకీ, ఇంగ్లండ్‌కీ పోయారు. చావులు ఎక్కువగా పడమటి జిల్లాల పేదల్లోనే. ఐరిష్ భాష మాట్లాడేవాళ్లూ ఎక్కువగా వాళ్లే. దాంతో మనుషులతోపాటు భాషా పోయింది. అలాంటి గడ్డమీద, ఆ భాషలోనే తీసిన సినిమాలో దుంపల్ని చెత్తలా విసిరి కొట్టడమా!

తిట్లు తిన్న దర్శకుడు నిజానికి ఆ పడమటి జనాన్ని వెతుక్కుంటూ పట్నం వదిలి వచ్చినవాడు. ఆ సినిమా తీసేనాటికే వాళ్ల మధ్య ఏళ్ల తరబడి కాపురమున్నవాడు.

ఎడమ చేతికి సముద్రం... కుడి చేతికి రాళ్లు

రాజధాని డబ్లిన్ తూర్పు తీరాన ఉంటుంది. అక్కణ్నుంచి పడమటికి రెండు వందల కిలోమీటర్లు వస్తే గాల్వే నగరం. రహదారి బాగుంటుంది కాబట్టి రెండున్నర గంటలు చాలు. దేశాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి దాటేసినట్టే! కారరోకి వెళ్లాలంటే గాల్వేలో దిగి తీరం వెంట ఇంకా పడమటికి పోవాలి.

బార్నా దాటాక ఎడమవైపు గాల్వే అఖాతం పరుచుకుంటుంది. ఆకాశం తేటగా ఉన్నరోజు... అలాంటి రోజులు అక్కడ తక్కువే... దూరంగా ఆరన్ దీవులు మూడూ బూడిదరంగు గీతల్లా కనిపిస్తాయి. కుడివైపు మాత్రం రాళ్లు. పొలానికి గట్టు రాళ్లే, దొడ్డికి కంచె రాళ్లే. సున్నం, సిమెంటు ఏదీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలు కొండలదాకా సాలెగూడులా అల్లుకుపోయి ఉంటాయి. పొలంలో తీసిన రాళ్లని ఎక్కడ పారెయ్యాలో తెలియక గోడలు కట్టారా అనిపిస్తుంది. చాలావరకూ అదే నిజం కూడా.

ఈ ప్రాంతమంతటికీ కొనెమారా అని పేరు. దారి పక్క బోర్డుల మీద ఊళ్ల పేర్లు ఐరిష్‌లో మాత్రమే ఉంటాయి. ఐరిష్ మాట్లాడే ప్రాంతాలని ఐర్లండ్ ప్రభుత్వం 'గేల్టాక్ట్' అనే పేరుతో విడిగా గుర్తించింది. అక్కడి ఊళ్లకి ఇంగ్లిషు పేర్లు అధికారికంగా చెల్లవన్న ఉత్తర్వు 2005లో అమల్లోకి వచ్చింది. చేతిలో పాత ఇంగ్లిషు మ్యాపు ఉన్న టూరిస్టుకి అవస్థే. కారరో అనే మాట కూడా ఇంగ్లిషువాళ్ల నోట్లో నలిగిన పేరే. ఊరివాళ్లు పలికేది దాదాపు 'అ హ్యారూ రూఅ' అని. పాతకాలపు భూమి లెక్కలో నాలుగో వంతుని సూచించే మాట అది. 'ఎర్ర పావు' అనుకోవచ్చు. మన నోటికి తిరిగే పేరు కారరోనే కాబట్టి ఇక్కడ దానితోనే సరిపెట్టుకుందాం.

గాల్వే నుంచి నలభై పైచిలుకు కిలోమీటర్లు వచ్చాక, సముద్రంలోకి వేలు పెట్టినట్టుండే నేల మీద కారరో కనిపిస్తుంది. ఓ చర్చి, కొన్ని దుకాణాలు, పబ్బులు. ఊరి చివర ఒక వింత బీచ్. పేరు ట్రా అన్ డోలీన్. దూరం నుంచి తెల్లటి ఇసుకలా మెరుస్తుంది. దగ్గరికెళ్లి గుప్పిట పట్టి చూస్తే ఇసుక కాదు, సన్నగా విరిగిన పగడపు ముక్కల్లాంటివి. అవీ పగడాలు కావు. సున్నంలా గట్టిపడే ఒక రకం సముద్రపు నాచు అది! చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లకి తెలిసొస్తుంది.

ముందే వచ్చిన కెమెరాలు

కొనెమారాకి సినిమా కొత్త కాదు. 1930ల్లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికా దర్శకుడు ఆరన్ దీవులకి వచ్చాడు. దాదాపు రెండేళ్లపాటు పని చేసి 'మ్యాన్ ఆఫ్ ఆరన్' తీశాడు. 1934లో విడుదలైన ఆ డాక్యుమెంటరీని ప్రపంచం మెచ్చుకుంది. అందులో దీవివాసులు పడవల్లో వెళ్లి భారీ సొరచేపని వేటాడే ఘట్టం చూసి తీరాలి. చిక్కేమిటంటే, ఆ వేట అక్కడ ఆగిపోయి అప్పటికే యాభై ఏళ్లు దాటింది! సినిమా కోసం దాన్ని వాళ్లకి మళ్లీ నేర్పించాల్సి వచ్చింది. తెరమీది అమ్మా, నాన్నా, కొడుకూ నిజానికి ఒక కుటుంబమే కాదు. దీవిలో ముఖాలు చూసి ఏరుకున్నవాళ్లు.

1951లో జాన్ ఫోర్డ్ వచ్చాడు. హాలీవుడ్ కౌబాయ్ చిత్రాల దిగ్గజం. ఆయన తండ్రిది కారరో దారిలోనే తగిలే స్పిడల్ ఊరు. తాతలనాటి గడ్డ మీద మమకారం కొద్దీ జాన్ వేన్‌నీ, మోరీన్ ఒహారానీ వెంటబెట్టుకొచ్చి 'ది క్వయట్ మ్యాన్' తీశాడు. పచ్చటి కొండలు, తెల్లటి కుటీరం, ఎర్రజుట్టు పడుచు, ఊరందరి నవ్వులు... ఉత్తమ దర్శకుడిగా ఫోర్డ్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టిందా చిత్రం. చాలా షూటింగ్ జరిగిన కాంగ్ అనే ఊరికి ఇప్పటికీ టూరిస్టులు వస్తూనే ఉన్నారు.

చూడ్డానికి రెండూ అందమైన సినిమాలే. కాకపోతే ఆ రాళ్ల మధ్య బతికేవాళ్లు వాటిలో తమని తాము చూసుకోవాలంటే కష్టం. పైగా ఆ రెండూ మాట్లాడేది ఇంగ్లిషు.

ఉద్యోగానికి నమస్కారం

బాబ్ క్విన్ 1935లో డబ్లిన్‌లో పుట్టాడు. ఐర్లండ్‌లో టీవీ మొదలైన తొలి రోజుల్లోనే ఆర్‌టీఈలో చేరాడు. ప్రభుత్వ టీవీలో కొలువంటే ఆ రోజుల్లో మాటలు కాదు. కానీ టీవీ జనం కోసం కాక ప్రకటనలిచ్చే కంపెనీల కోసం నడుస్తోందన్న బాధ ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. 1969లో మానేశాడు. ఊరికే మానేయలేదు. తనలాగే విసిగిపోయిన జాక్ డౌలింగ్, లేలియా డూలన్‌లతో కలిసి 'సిట్ డౌన్ అండ్ బీ కౌంటెడ్' అని ఓ పుస్తకం రాసి సంస్థ లోపల ఏం జరుగుతోందో విప్పి చెప్పాడు.

తర్వాత తిన్నగా కొనెమారా దారి పట్టాడు.

అప్పటికి కొనెమారా కూడా రగులుతోంది. 1969లోనే అక్కడి కుర్రాళ్లు గేల్టాక్ట్ పౌరహక్కుల ఉద్యమం మొదలుపెట్టారు. 'మా భాష గొప్పదని పొగుడుతారు. మా భాషలో ఓ రేడియో అయినా పెట్టరేం?' అన్నది వాళ్ల ప్రశ్న. జవాబు రాకపోయేసరికి 1970 ఈస్టర్‌కి రాస్ మక్ అనే పల్లె నుంచి లైసెన్సు లేకుండా సొంతంగా రేడియో ప్రసారం చేసేశారు! రెండేళ్లకి, 1972 ఏప్రిల్‌లో, ప్రభుత్వం రేడియో నా గేల్టాక్టా ప్రారంభించింది. దాని ప్రధాన కేంద్రం కారరో పక్కనే ఉన్న కాస్లాలో.

ఆ వేడిలో కారరో చేరిన క్విన్ 'సినెగేల్' పేరుతో సొంత సంస్థ పెట్టాడు. పెద్ద పేరే కానీ, చేతిలో ఉన్నది చిన్న కెమెరా, కొద్దిపాటి సామగ్రి, ఇంటిల్లిపాది కష్టం. అక్కడే సినిమాలు తీయడం, కూర్చడం. అంతేకాదు, ఊరివాళ్ల కోసం ఓ చిన్న సినిమా హాలు కూడా నడిపారు. ఆ హాలు చుట్టూ పెరిగిన ఆయన కొడుకు రాబర్ట్ క్విన్ పెద్దయ్యాక తనూ దర్శకుడయ్యాడు. ఆ చిన్ననాటి కథనే 2004లో 'సినెగేల్ పారడీసో' అనే డాక్యుమెంటరీగా తీశాడు. ఇటలీవాళ్ల 'సినిమా పారడీసో' చూసినవాళ్లకి పేరులోని చమత్కారం ఇట్టే తెలిసిపోతుంది.

1975లో క్విన్ తీసిన 'క్వీనా ఆర్ట్ ఈ లేరా' చిత్రానికి మూలం రెండు వందల ఏళ్లనాటి ఓ ఇల్లాలి శోకగీతం. అప్పట్లో క్యాథలిక్కులు అయిదు పౌన్లకి మించి విలువైన గుర్రాన్ని ఉంచుకోకూడదని ఇంగ్లిషువాళ్ల చట్టం. ఎవరైనా అయిదు పౌన్లు ముందుపెట్టి అడిగితే ఇచ్చేయాల్సిందే. ఆర్ట్ ఓలేరీ అనే యువకుడు ఇవ్వనన్నాడు. 1773లో కాల్చి చంపారు. ఈ కథని క్విన్ నేరుగా చెప్పలేదు. ఒక ఊరివాళ్లు దాన్ని నాటకంగా వేసేందుకు రిహార్సల్స్ చేస్తుంటారు. వాళ్లకి నేర్పించే దర్శకుడేమో ఇంగ్లిషువాడు! అటు కథలోనూ ఇటు బయటా అదే పెత్తనం. డబ్బు పెట్టిందెవరంటే ఒక వామపక్ష రాజకీయ పార్టీ. సినిమాకి ప్రభుత్వం పైసా విదల్చని కాలంలో అంతకంటే గతిలేదు.

సారా కాచే ముసలాయన

మళ్లీ దుంపల సినిమా దగ్గరికి వద్దాం. దాని పేరు 'పొట్చీన్'. అంటే చిన్న కుండ. మన నాటుసారా లాంటి సరుకుకి వాళ్ల పేరు అది. బార్లీతోనో, దుంపలతోనో కాస్తారు. 1661లో పన్నులు కట్టడం లేదని నిషేధించారు. కాపు మాత్రం ఆగలేదు. పోలీసులొస్తే దూరం నుంచే కనిపించేలా సరస్సుల మధ్య లంకల్లో బట్టీ పెట్టేవాళ్లు. పొగ ఆనవాలు దొరక్కుండా గాలి గట్టిగా వీచే రోజు చూసుకునేవాళ్లు. మొదటి చుక్కలు దేవకన్యల వాటా అని నేలమీద పోసేవాళ్లు. చివరికి 1997లో మళ్లీ చట్టబద్ధమైంది. ఇప్పుడు రంగురంగుల లేబుళ్లతో దుకాణాల్లో అమ్ముతున్నారు.

సినిమా కథ చిన్నదే. సరస్సు పక్కన ఒంటరి ఇంట్లో ముసలాయన, కూతురు. ఆయన సారా కాస్తాడు. ఇద్దరు మనుషులు తీసుకెళ్లి అమ్మిపెడతారు. ఓసారి సరుకు పోలీసుల పాలవుతుంది. వాళ్లు దాన్ని దొంగిలించి, అమ్మి, డబ్బంతా తాగి తగలేస్తారు. ఇంకా కావాలని వచ్చి ముసలాయన ఇంట్లో వీరంగం వేస్తారు. దుంపలు ఎగిరేది అప్పుడే. పెద్దాయన ఎదురు తిరగడు. కేకలు వేయడు. తెలివిగా వాళ్లని సరస్సు మీదికి పంపిస్తాడు. ఆ తర్వాత నీళ్లే మిగతా పని చూసుకుంటాయి.

ముసలాయనగా వేసిన సిరిల్ క్యుసాక్ అప్పటికే హాలీవుడ్ చిత్రాల్లో పేరున్న నటుడు. మిగతా ఇద్దరు డోనల్ మెకాన్, నియల్ టోబీన్... ఐర్లండ్ నాటకరంగంలో హేమాహేమీలు. ఐరిష్ ఆర్ట్స్ కౌన్సిల్ మొదటిసారి ఒక సినిమా స్క్రిప్టుకి సాయమందించింది కూడా దీనికే. సినిమా నిడివి గంటకి కాస్త పైన. అందులో ఎక్కడా పచ్చటి కొండ కనిపించదు. కనిపించినా వాన వెనకాల కనిపిస్తుంది. మనుషులు తక్కువ మాట్లాడతారు. 'ది క్వయట్ మ్యాన్'లోని నవ్వుల ఐర్లండ్‌కి ఇది ఎదురు జవాబని విమర్శకులు అంటారు. నిజమే. అందుకే ఒళ్లుమండిందేమో కూడా. బయటివాడు పొగిడితే అబద్ధమని తెలిసీ మురిసిపోతాం. మనలో ఒకడు అద్దం పెడితే మాత్రం ముఖం తిప్పుకుంటాం. అక్కడైనా అంతే, ఎక్కడైనా అంతే.

2007లో ఈ చిత్రాన్ని శుభ్రపరిచి మళ్లీ విడుదల చేశారు. కొత్తగా సంగీతం కూర్చింది 'రివర్‌డాన్స్'తో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న బిల్ వీలన్. 1979లో తిట్టిన సినిమాకి ఈసారి దక్కింది దేశపు తొలి ఐరిష్ కథాచిత్రమన్న గౌరవం.

పాట పట్టుకుని ఆఫ్రికాకి!

క్విన్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది మాత్రం 'అట్లాంటియన్'. 1980ల మొదట్లో తీసిన మూడు భాగాల డాక్యుమెంటరీ.

దానికి మూలం ఒక పాట. కొనెమారాలో 'షాన్ నోస్' అనే పాతకాలపు పాడుకునే తీరు ఉంది. వాయిద్యాలుండవు. తాళం ఉండదు. పాడేవాళ్లు కళ్లు మూసుకుని, ఒక్కో అక్షరాన్ని సాగదీసి, మెలికలు తిప్పి, కాస్త ముక్కుతో పలుకుతూ పాడతారు. మన చెవికి గమకాల్లా వినిపిస్తాయి. మిగతా యూరప్ సంగీతంలో ఇలాంటిది అరుదు. మరి ఈ మారుమూల రాళ్లలోకి ఎక్కణ్నుంచి వచ్చింది? ఈ ప్రశ్న క్విన్‌ని పట్టుకుంది.

ఐర్లండ్ వాళ్లు కెల్టులు, మధ్య యూరప్ నుంచి వచ్చారు... అని బడిలో చెప్పే పాఠం. క్విన్ మ్యాపుని పక్కకి తిప్పి చూశాడు. కొనెమారా నుంచి చూస్తే డబ్లిన్ దూరం, సముద్రం దగ్గర. రోడ్లు లేని కాలంలో పడవే బండి. తీరం వెంట స్పెయిన్, పోర్చుగల్ మీదుగా దిగితే మొరాకో. అంటే ఆ ఊరు దేశానికి చివర కాదు, ఒక నీటి రహదారి మీద మజిలీ! ఆ ఊహ పట్టుకుని కెమెరాతో ఉత్తర ఆఫ్రికా వెళ్లాడు. అక్కడి పాటనీ ఇక్కడి పాటనీ పక్కపక్కన వినిపించాడు. కొనెమారా పడవల తెరచాపనీ అరబ్బు పడవల తెరచాపనీ పోల్చాడు. ఐర్లండ్ తొలి క్రైస్తవ సన్యాసుల జీవితాల్లో ఈజిప్టు ఎడారి సన్యాసుల జాడలు చూపించాడు.

అంతా ఊహేనా అంటే కాదు. కార్క్ జిల్లాలో బాలికాటన్ అనే చోట దొరికిన పాతకాలపు శిలువ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మధ్యలో పొదిగిన గాజుపూస మీద అరబిక్ అక్షరాల్లో 'బిస్మిల్లా' అని ఉంటుంది! ఉత్తరాన నావన్ కోట తవ్వకాల్లో రెండువేల ఏళ్లకి పైబడిన ఓ కోతి పుర్రె బయటపడింది. ఉత్తర ఆఫ్రికాలో ఉండే జాతి కోతి అది. ఏ రాజుకి ఏ నావికుడు కానుకగా తెచ్చాడో! 1631లో ఉత్తర ఆఫ్రికా ఓడదొంగలు బాల్టిమోర్ అనే ఐర్లండ్ ఊరిమీద పడి వందమందికి పైగా పట్టుకుపోయారు. అలా చూస్తే రాకపోకలు ఉన్నట్టే.

అయితే పూసలూ పాటలూ ప్రయాణం చేసినంత మాత్రాన జాతి మొత్తం అటు నుంచే వచ్చిందని తేలదు. పండితులు చాలామంది క్విన్ వాదనని పూర్తిగా ఒప్పుకోలేదు. దర్శకుడు తనకి నచ్చిన ఆధారాలనే గుచ్చి దండ కట్టాడన్న మాటలోనూ నిజం ఉంది. కానీ 'సముద్రం గోడ కాదు, దారి' అన్న ఆయన మాట మాత్రం నిలబడింది. అట్లాంటిక్ తీరప్రజల మధ్య వేల ఏళ్లుగా రాకపోకలున్నాయని తర్వాతి కాలంలో పురాతత్వవేత్తలే పుస్తకాలు రాశారు. బెల్‌ఫాస్ట్ దగ్గర దొరికిన అయిదువేల రెండువందల ఏళ్లనాటి ఓ మహిళ ఎముకల డీఎన్‌ఏని 2015లో పరిశీలిస్తే ఆమె పూర్వీకుల మూలాలు పశ్చిమాసియాలో తేలాయి. అది క్విన్ చెప్పిన ఆఫ్రికా కాదనుకోండి. బడిపాఠమూ కాదు మరి! క్విన్ ఇదే విషయంపై 1986లో పుస్తకం రాశాడు. 2005లో దాన్ని తిరగరాసి వేయించాడు. 1998లో 'నావిగేషియో' పేరుతో మరో డాక్యుమెంటరీ కూడా తీశాడు. ఒక పాట వెంట పడి ఇరవై ఏళ్లకి పైగా తిరిగాడన్నమాట.

ఫాదర్... తండ్రయ్యాడు!

కొనెమారాలో పాడ్రిగ్ స్టాన్‌డూన్ అని ఒక చర్చి ఫాదర్ ఉండేవాడు. నవలలు రాసేవాడు. ఆయన నవల ఒకదాన్ని క్విన్ 1987లో 'బుడవానీ' పేరుతో సినిమాగా తీశాడు. ఓ దీవిలో పనిచేసే ఫాదర్‌కీ, ఆయన ఇంట్లో పనిచేసే అమ్మాయికీ మధ్య ప్రేమ. ఆమె గర్భవతి అవుతుంది. క్యాథలిక్ చర్చి మాటే శాసనంగా ఉన్న ఐర్లండ్‌లో ఇంతకంటే ప్రమాదకరమైన కథ లేదు. దాన్ని క్విన్ ఎలా తీశాడు? నలుపు తెలుపులో... దాదాపు మూకీలా! దీవి కథలో మాటల్లేవు. గాలి, అలలు, ముఖాలు. అంతే. ఫాదర్‌గా వేసింది 'పొట్చీన్'లోని డోనల్ మెకానే. షూటింగ్ మేయో జిల్లాలోని క్లేర్ దీవిలో. అదే ఏడాది ప్రభుత్వం ఖర్చు తగ్గించుకునేందుకు ఐరిష్ ఫిల్మ్ బోర్డుని మూసేసింది. పెట్టి ఆరేళ్లు కూడా సరిగ్గా నిండలేదు.

అయిదేళ్లు గడిచాయి. 1992 మేలో పెద్ద బాంబు పేలింది. గాల్వే బిషప్ ఈమన్ కేసీకి ఓ కొడుకున్నాడనీ, చాలా ఏళ్లుగా ఆ సంగతి దాచిపెట్టారనీ పత్రికలు బయటపెట్టాయి. బిషప్ పదవి వదిలి దేశం దాటిపోయాడు. సినిమాలో చూపించినదానికంటే పైమెట్టు మీద జరిగింది అసలు కథ! క్విన్ తన పాత చిత్రాన్నే మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. రంగుల్లో, మాటలతో కొత్త సన్నివేశాలు కలిపి 1994లో 'ది బిషప్స్ స్టోరీ'గా విడుదల చేశాడు. అందులో ఆ ఫాదర్ ఇప్పుడు బిషప్. గతాన్ని తలుచుకుంటూ ఉంటాడు. రెండిట్లో మొదటిదే మనసులో నిలుస్తుంది. మాటలు లేకపోవడంలో ఉన్న భయం మాటలు వచ్చాక కొంత పలచబడింది.

దొంగ టీవీ నుంచి అసలు టీవీ దాకా

రేడియో వచ్చింది సరే, టీవీ? గేల్టాక్ట్ వాళ్ల తర్వాతి గొడవ అదే. ఇరవై ఏళ్లు అడిగారు. ఖర్చు ఎక్కువంది ప్రభుత్వం. ఎంత తక్కువలో అవుతుందో చేసి చూపిస్తాం అన్నారు వీళ్లు. 1987 నవంబరులో మళ్లీ ఆ రాస్ మక్ నుంచే లైసెన్సు లేని టీవీ ప్రసారం! నాలుగైదు మనుషులు, ఓ చిన్న ట్రాన్స్‌మిటర్. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ భాషలో, తమ మనుషుల్ని టీవీలో చూసుకున్నారు. ఈ పోరాటంలో క్విన్ కూడా ఉన్నాడు. ఓ పల్లెలో కూర్చుని తక్కువ డబ్బుతో సినిమా తీయొచ్చని అప్పటికే చేసి చూపించిన మనిషి కదా!

1993లో మైకేల్ డి. హిగిన్స్ అనే గాల్వే నాయకుడు సాంస్కృతిక మంత్రి అయ్యాడు. స్వయంగా కవి. 2011 నుంచి 2025 దాకా ఐర్లండ్ అధ్యక్షుడిగా ఉన్నది ఈయనే. మూతబడిన ఫిల్మ్ బోర్డుని తెరిపించాడు. ఐరిష్ టీవీకి పచ్చజెండా ఊపాడు. 1996 అక్టోబరు 31న కొత్త చానల్ ప్రసారాలు మొదలయ్యాయి. దానికి ఇప్పుడు టీజీ-4 అని పేరు. స్టేషన్ పెట్టింది డబ్లిన్‌లో కాదు, కారరో దారిలోని బాలనహౌన్ అనే పల్లెలో. చదువుకున్న కుర్రాళ్లు ఊరు విడిచి పోనక్కర్లేకుండా కెమెరా, ఎడిటింగ్, రచన పనులు అక్కడే దొరకడం మొదలైంది. చుట్టుపక్కల నిర్మాణ సంస్థలు వెలిశాయి.

మరి క్విన్? 1995లో ఆయన్ని ఆర్‌టీఈ పాలకమండలి సభ్యుణ్ని చేశారు. ఒకప్పుడు కోపంతో బయటికి నడిచిన సంస్థకి ఇప్పుడు పెద్దమనిషి! అక్కడా ఊరుకోలేదు. పసిపిల్లల మీద ప్రకటనలు గుప్పించడం తప్పని పోరాడాడు. ఎవరూ వినలేదు. 1999లో రాజీనామా ఇచ్చేశాడు. ముప్ఫై ఏళ్ల తేడాలో ఒకే సంస్థ నుంచి ఒకే కారణంతో రెండుసార్లు బయటికి రావడం... రికార్డేనేమో. ఆ అనుభవాలతో 2001లో 'మావరిక్' అనే పుస్తకం రాశాడు. మంద విడిచి తిరిగే పశువు అని ఆ మాటకి అర్థం.

ఒకే పేరు... ఇద్దరు మనుషులు

2022లో ఐర్లండ్ జనాభా 51 లక్షలు. 2022 జనాభా లెక్కల ప్రకారం బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు దాదాపు 72 వేలు మాత్రమే. మన దగ్గర ఓ మోస్తరు పట్నంలో ఉండేంతమంది. గేల్టాక్ట్ ఊళ్లలోనూ పిల్లలు ఆటల్లో ఇంగ్లిషులోకి జారిపోతున్నారు. ఇళ్ల ధరలు పెరిగి కొత్త జంటలు ఊళ్లు విడుస్తున్నాయి. ఒక టీవీ, నాలుగు సినిమాలు దీన్ని ఆపగలవని ఎవరూ అనడం లేదు.

అయినా సినిమాలు వస్తున్నాయి. రాబర్ట్ క్విన్ 2007లో మార్టీన్ ఓ కైన్ రాసిన 'క్రే నా కిల్లా' నవలని తెరకెక్కించాడు. శ్మశానంలో శవాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకునే కథ అది! 2017లో టీజీ-4, ఐర్లండ్ సినిమా సంస్థ కలిసి ఐరిష్ చిత్రాలకి డబ్బిచ్చే పథకం పెట్టాయి. 2019లో వచ్చిన 'ఆరఖ్ట్' కొనెమారాలో తీసిందే. దుంపల కరువు గురించి, ఐరిష్ భాషలోనే. ఎవరూ కోప్పడలేదు.

2022లో 'అన్ క్యాలీన్ క్యూన్' వచ్చింది. పెద్ద కుటుంబంలో ఎవరూ పట్టించుకోని ఓ చిన్నపిల్ల, వేసవికి బంధువుల ఇంటికెళ్లి ఆప్యాయత అంటే ఏమిటో తెలుసుకునే కథ. 2023లో ఆస్కార్ ఉత్తమ అంతర్జాతీయ చిత్రం నామినేషన్ దక్కించుకుంది. ఐరిష్ భాషా చిత్రానికి అదే మొదటిసారి. దాని దర్శకుడి పేరు కోలమ్ బార్యాడ్. 1978నాటి 'పొట్చీన్' స్క్రిప్టు రాసినాయన పేరూ కోలమ్ బార్యాడే! ఒకరనుకునేరు. ఇద్దరూ వేరు. క్విన్ దుంపల వాన కురిపించే నాటికి ఈ దర్శకుడు ఇంకా పుట్టలేదు.

కారరో చూడాలనుకుంటే ఆగస్టు మొదట్లో వెళ్లడం మంచిది. ఆ సమయంలో ఊళ్లో పడవల పండగ జరుగుతుంది. నల్లటి ఒళ్లు, ముదురెరుపు తెరచాపలున్న హూకర్ పడవలు పోటీ పడతాయి. ఒకప్పుడు పొయ్యిలోకి పీట్ మట్టి ఇటుకలు దొరకని ఆరన్ దీవులకి వాటిని మోసుకెళ్లిన పడవలివి. అవి ఎక్కణ్నుంచి వచ్చాయన్న వాదన మాత్రం పబ్బులో తెమలదు. గాల్వే నుంచి బస్సుంది. సొంత బండి అయితే టీజీ-4 స్టేషన్ దాటి కాస్లా దగ్గర ఎడమకి తిరగాలి. అక్కణ్నుంచి పదినిమిషాలు పట్టదు.